‘నాచేత కాదు’, ‘నాకు చేతకాదు’

సందేహం: ‘నాచేత కాదు’, ‘నాకు చేతకాదు’ – వీటిలో ఏది ఒప్పు? ఈ ‘చేత’ చెయ్యికి సంబంధించిందా, చేయడానికి సంబంధించిందా? ‘చేసేది కాబట్టి చెయ్యి’ అని ఒకరు చెప్పారు. నిజమేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: ‘చేసేది కాబట్టి చెయ్యి’ అన్నది వినడానికి బాగుంటుంది కానీ నిలవదు. సంస్కృతంలో ‘కరం’ కృ ధాతువు నుంచి వచ్చింది గనక అక్కడ ఆ మాట చెల్లుతుంది. దాన్ని తెచ్చి తెలుగుకు అంటగట్టకూడదు. తమిళంలో చేయడం ‘సెయ్’, చెయ్యి ‘కై’. కన్నడంలో ‘గెయ్’, ‘కై’. రెండు వేర్లూ అక్కడ ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి. తెలుగులో మాత్రం ఇ, ఎ ల ముందున్న క-కారం చ-కారమైంది: కన్నడం కివి, కెడు, మనకు చెవి, చెడు. ‘కయ్’ కూడా ‘కెయ్’ మీదుగా ‘చెయ్’ అయి, ‘చేయు’ పక్కన వచ్చి నిలబడింది. కన్నడం ‘కహి’ మనకు ‘చేదు’ కావడమూ ఈ దారినే. పాత ‘కై’ మనకు కైకొను, కైదండ, కైమోడ్పుల్లో మిగిలింది. అలాగని ‘కై’ కనబడ్డ ప్రతిచోటా చెయ్యి వెతకకండి. కైంకర్యం ‘కింకర’ నుంచి పుట్టింది, కైఫియతు అరబ్బీ.

ఇక ‘చేత’. ‘చేతన్, చేన్, తోడన్, తోన్’ తృతీయ అని బడిలో వల్లెవేసిన వాళ్లు కూడా ఆ మొదటి రెండింటిలో ఉన్నది మన చెయ్యేనని గమనించరు. ‘వాడిచేత ఉత్తరం రాయించాను’ అన్నప్పుడు రాసిన చెయ్యి వాడిది. ‘అందుచేత’ అనేసరికి చెయ్యి పూర్తిగా మాయమై కారణం మిగిలింది. కన్నడిగులు ‘నన్న కైలి ఆగల్ల’ అంటారు. అది అక్షరాలా మన ‘నాచేత కాదు’.

పోతన భాగవతం 8వ స్కంధం తెరవండి. గజేంద్రుడు అంటాడు:

‘ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వనియందు డిందు’

పుట్టుక ‘చే’, మనుగడ ‘లోపల’, లయం ‘అందు’. సృష్టి స్థితి లయాలు మూడూ మూడు చిన్న విభక్తుల మీద నడిచాయి. పైగా ‘జనించు’ అకర్మక క్రియ. ‘జనింపబడు’ అనలేదు మహానుభావుడు. ‘చే’ రాగానే వెనక ‘బడు’ తగిలించాలన్న నియమం తెలుగుకు లేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అదే స్కంధంలో బలి చక్రవర్తి, శ్రీసతి కొప్పు మీదా కపోలం మీదా మర్యాద పొందిన ఆ విష్ణువు కరం దానం పడుతూ కిందై, ‘మీదై నా కరంబుంట మేల్ గాదే’ అని మురిసిపోతాడు. ‘పైచేయి’ అన్న మాటకు ఇంత నిండైన బొమ్మ మరొకటి నాకు తోచదు. ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద.

ఇప్పటి రాతల్లో ఈ ‘చేత’ను రెండు విధాల పాడుచేస్తున్నారు. ‘మంత్రిచేత ప్రారంభించబడింది’ అని రాస్తారు. ‘మంత్రి ప్రారంభించారు’ అంటే సరిపోదా? ఇంకొందరు ‘మంత్రి ద్వారా ప్రారంభించబడింది’ అంటున్నారు. అది మరీ తప్పు. ‘ద్వారా’ మధ్యవర్తికీ సాధనానికీ చెల్లుతుంది గాని కర్తకు కాదు. ‘స్నేహితుడి ద్వారా కబురు పంపాను’ అనండి, చక్కగా ఉంటుంది.

చెయ్యి పలుకుబళ్లకు లెక్కలేదు. చెయ్యి చేసుకుంటే కొట్టడం, చెయ్యి తడిపితే లంచం, చెయ్యిస్తే మోసం. చెయ్యి తిరిగినవాడు నేర్పరి, చేతికి ఎముక లేనివాడు దాత. చేబదులు, చేదోడు, చేజారు, చేపట్టు – వీటన్నిటి ముందూ ఉన్నది ఈ ‘చే’యే. ‘చేతివాటం’ అంటే చేతి నేర్పు అని కూడా అర్థముంది. పత్రికలు దాన్ని దొంగతనానికే కట్టేశాయి, పాపం. ‘చేయి’, ‘చెయ్యి’ రెండూ సాధువులే.

మీ అసలు ప్రశ్న. రెండూ ఒప్పే, అర్థంలో కాస్త తేడా ఉంది. ‘ఈ మూట మొయ్యడం నాచేత కాదు’ – శక్తి చాలదు. ‘నాకు ఈత చేతకాదు’ – నేర్చుకోలేదు. మొదటిదాంట్లో ‘చేత’ విభక్తి. ‘నా’కు కలిపి, ‘కాదు’కు విడిగా రాయాలి. రెండోదాంట్లో ‘నాకు’ అని ‘కు’ విభక్తి ముందే వచ్చేసింది గనక ‘చేత’ విభక్తి పని మానేసింది. ‘చేతకాదు’ మొత్తం ఒకే మాటగా గడ్డకట్టింది, కలిపే రాయాలి. ఈ రెండో ‘చేత’లో ‘మాటలు–చేతలు’ అనేటప్పటి చేత, అంటే పని అన్న అర్థం కూడా వచ్చి కలిసిందేమోనని నా అనుమానం. పలుకుబడిలో ఈ గీత అంత గట్టిది కాదు. ‘నాకు చేతకాదు’ అని శక్తి చాలని చోట అన్నవాళ్లనూ తప్పుపట్టలేం. ‘నాకుచేత కాదు’ అని విరిచి రాస్తే మాత్రం తప్పే.