మామగారి మేడ మీద వాటా

మలక్‌పేట నుంచి రాసిన సోదరునికి,

37 ఏళ్ల వయసులో, మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ జరిగి ఆట మానేసిన ఆరేళ్లకు, మళ్లీ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు సెలక్షన్లకు వెళ్లాలనీ, అందుకోసం క్రీడల కోటాలో వచ్చిన ఉద్యోగానికి రాజీనామా చేయాలనీ అనుకుంటున్నట్లు రాశారు. మైకేల్ జోర్డాన్ 38 ఏళ్లకు తిరిగి ఆడగలిగినప్పుడు నేనెందుకు ఆడలేనని అడిగారు. మీ మోకాలు తట్టుకుంటుందో లేదో ఎముకల డాక్టరు చెబుతారు. మీ ఆటలో ఇంకా పస ఉందో లేదో విక్టరీ ప్లేగ్రౌండ్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లతో నెల రోజులు ఆడితే తెలుస్తుంది. దానికి నా సలహా అక్కరలేదు.

నాలుగు పేజీల మీ ఉత్తరంలో ఆట గురించి ఉన్నది అరపేజీ. మిగతాదంతా మీ మామగారే. ఆపరేషన్ అప్పు తీరేదాకా అనుకుని ఆయన మేడ మీద వాటాలోకి మారడం, కరెంటు బిల్లూ పాప స్కూలు ఫీజూ ఆయనే కడుతూ రావడం, మొన్న బంధువుల ఇంట పెళ్లిలో నలుగురి ముందు ‘మా అల్లుడు ఒకప్పుడు బాగా ఆడేవాడు’ అని ఆయన పరిచయం చేయడం, అన్నీ వివరంగా రాశారు. ఆ ‘ఒకప్పుడు’ విన్న మర్నాటి నుంచే మీరు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి గ్రౌండుకు వెళుతున్నారు. అప్పు తీరి మూడేళ్లయిందని కూడా మీరే రాశారు. మరి ఆ మేడ ఎందుకు దిగలేదు?

ఆసుపత్రిలో పదకొండు రాత్రులు మీ మంచం పక్కన కూర్చున్నది ఆయనే. అలాంటి పెద్దమనిషికి బంతితో జవాబు చెప్పాలని మీరు పంతం పట్టడం నాకు బాధ కలిగించింది. ఆపదలో అత్తవారింట తలదాచుకోవడం తప్పని నేననను. కానీ ఆపద గడిచాక కూడా అక్కడే ఉండిపోయిన అల్లుడికి ఆ ఇంటి పెద్ద మెచ్చుకోలుగా అన్న మాట సైతం ముల్లులాగే గుచ్చుకుంటుందని నా గట్టి నమ్మకం.

జోర్డాన్ సంగతే తీసుకోండి. 2001లో వాషింగ్టన్ జట్టుకు ఆడడానికి ముందు ఆయన అదే జట్టులో భాగస్వామి, పైగా ఆట వ్యవహారాలు చూసే అధ్యక్షుడు. యజమాని ఆటగాడిగా ఉండకూడదన్న నియమం వల్ల తన వాటా వదులుకున్నారు. మొదటి సీజన్‌లో సగటున 22.9 పాయింట్లు చేసినా, మోకాలికి శస్త్రచికిత్స జరిగి 60 మ్యాచ్‌ల దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. 40 ఏళ్లు నిండిన మరుసటి సీజన్‌లో మొత్తం 82 మ్యాచ్‌లూ ఆడారు. అయినా రెండేళ్లూ జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు, 2003లో ఆట ముగించాక పాత పదవీ తిరిగి దక్కలేదు. అంతటి సంపన్నుడు గనుక ఆ నష్టం తట్టుకున్నారు. మీరు రాజీనామా చేస్తే, వచ్చే నెల నుంచి ఇంటి ఖర్చుకు కూడా మామగారి ముందే నిలబడాలి.

ఉద్యోగం వదలకండి. సైదాబాద్ వైపో దిల్‌సుఖ్‌నగర్ వైపో రెండు గదుల ఇల్లు అద్దెకు చూసుకోండి. ఆ సంగతి మీ ఆవిడ చేత చెప్పించకుండా, మీరే మామగారి దగ్గర కూర్చుని, ఆయన చేసిన మేలు మరచిపోలేదని చెప్పి మరీ చెప్పండి. ఈ జూన్ నుంచి పాప ఫీజు మీరే కట్టండి. కొత్త ఇంట్లో చేరాక కూడా నాలుగున్నరకే మెలకువ వస్తుంటే, డాక్టరు సరేనంటే, సెలవు పెట్టి సెలక్షన్లకు వెళ్లండి. వెళ్లేముందు మామగారికి ఒక మాట చెప్పి వెళ్లండి.