విధవలోంచి పుట్టిన ధవుడు

సందేహం: ‘ధవుడు అంటే భర్త, వి అంటే లేని. భర్త లేనిది కాబట్టి విధవ’ అని చదువుకున్నాం. ఇంగ్లీషులో విడో అన్నా అదే అర్థం. వాళ్లు మన మాటే పట్టుకుపోయారని ఒక స్నేహితుడి వాదన. నిజమేనా? మనం తిట్టే ‘వెధవ’ కూడా ఇదేనా?

సమాధానం: విధవ, విడో అక్కాచెల్లెళ్లు. తల్లీకూతుళ్లు కారు. లాటిన్‌లో విదువా, జర్మన్‌లో విట్వే, రష్యన్‌లో వ్దొవా, ఫార్సీలో బేవా. ఇంతమందీ వరసకట్టి సంస్కృతం దగ్గర అప్పు చేశారంటే నమ్మలేం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చాయని, ఆ మూలభాష ఇప్పుడు బహుశా లేదని భాషా పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రసంగిస్తూ చెప్పాడు. ఆ మూలాన్నే ఇప్పుడు ఆదిమ ఇండో-యూరోపియన్ అంటున్నాం.

మాటలు ఒకలా వినిపిస్తే చుట్టరికం కలిపేయకూడదు. ధ్వనుల మార్పు ఒక పద్ధతిలో ఉండాలి. సంస్కృతంలో ‘ధ’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘డ’ వస్తుంది: మధ్య–మిడ్, రుధిరం–రెడ్, విధవ–విడో. ‘ద’ ఉన్నచోట ‘ట’ వస్తుంది: ద్వి–టూ, దశ–టెన్, దంతం–టూత్. ఈ మార్పులను 1822లో సూత్రంగా చూపించినవాడు యాకోబ్ గ్రిమ్, జానపద కథలు పోగుచేసిన అన్నదమ్ముల్లో పెద్దాయనే. ఈ లెక్కన దినం, డే బంధువులు కావు. అయ్యుంటే అక్కడ ‘ట’ ఉండాలి. తెలుగువాళ్లకి ఇంకో ఉచ్చు కూడా ఉంది. విడిపోయింది కనుక విడో అనబుద్ధేస్తుంది. కానీ మన ‘విడు’ ద్రావిడ ధాతువు. తమిళంలో విడు, కన్నడంలో బిడు. విడోతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఇక మీరు చదువుకున్న వ్యుత్పత్తి. అది చాలా పాతది, అయినా తలకిందులు. ఋగ్వేదంలో విధవ ఉంది, భర్త అనే అర్థంలో ధవ లేదు. పైన చెప్పిన భాషల్లోనూ అంతే. విధవకు సోదర పదాలు దొరుకుతాయి, ధవకు దొరకవు. వేదంలోని మాటలకు వ్యుత్పత్తులు చెప్పే నిరుక్తం అనే పాత గ్రంథంలో యాస్కుడు విధవకు నాలుగు రకాల వ్యుత్పత్తులు చెప్పి, చివరికి ‘ధవ అంటే మనిషి, అతని వియోగం వల్ల విధవ’ అన్నాడు. నాలుగు చెప్పాల్సి వచ్చిందంటేనే అప్పటికే మాట అసలు పుట్టుక మరుగున పడిందన్నమాట. ముందున్న ‘వి’ని ఉపసర్గ అనుకుని కోసేస్తే మిగిలింది ధవ. అది కాస్తా స్థిరపడి, అమరకోశం నాటికి ప్రియుడు, పతి, భర్తల సరసన పీట వేసుకుని కూర్చుంది. దాన్నుంచి సధవ కూడా తయారైంది. అసురలో ‘అ’ని నిషేధార్థకం అనుకుని తీసేసి ‘సుర’ను పుట్టించినట్టే ఇది కూడా. దీన్ని తప్పు అననక్కర్లేదు. భాషలు ఇలాగే పెరుగుతాయి.

యాస్కుడు ఈ చర్చ చేసింది ఋగ్వేదం పదో మండలంలోని ఒక మంత్రం దగ్గర. అందులో విధవ పక్కనే ‘దేవర’, అంటే మరిది, ఉన్నాడు. ఆ మాటకీ లాటిన్‌లో లేవిర్, రష్యన్‌లో దేవెర్ అని తోబుట్టువులున్నారు. దాన్నీ ‘రెండో వరుడు’ అని విడగొట్టిన వ్యుత్పత్తి ఉంది!

మరి విధవ అసలు అర్థం? వేరుపడటం, ఒంటరి కావడం అనే ధాతువు నుంచి వచ్చిందని పండితులు అంటారు. సంస్కృతంలో విధురుడు, అంటే భార్య పోయినవాడు, అదే కుదురు. లాటిన్‌లో విడదీయడానికి వాడే దీవిదెరే కూడా. కాబట్టి ఇంగ్లీషు డివైడ్, ఆఖరికి ఇండివిడ్యువల్ కూడా విధవకు దూరపు చుట్టాలే. ఇంకో విశేషం, ఇక్కడ ఆడవాళ్ల మాటే అసలుది. మగవాడికి వాడే విడోవర్ దాన్నుంచి చేసుకున్నదే.

మన వెధవ అచ్చంగా విధవే. దిశ దెస అయినట్టు ఇకారం ఎకారమైంది. భర్త పోయిన స్త్రీని అశుభంగా చూసిన రోజుల్లో అది తిట్టయింది. ఆ చూపు మెచ్చుకోదగింది కాదు. తర్వాత తిట్టు మగవాళ్లకు బదిలీ అయింది. ‘ఒరే వెధవా’ అంటాం గానీ ‘ఒసే వెధవా’ అని వినపడటం అరుదు. ఇప్పుడు వెధవ పని, వెధవ ఫోను, వెధవ టెన్షన్ అని విసుక్కునేటప్పుడు అందులో భర్త పోయిన స్త్రీ ఉందని అనేవాళ్లకీ తట్టదు, వినేవాళ్లకీ తట్టదు.