నెట్ లిమిట్ ఎవరి కోసం?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఇంటర్నెట్ ప్లాన్ల మీదే ఉన్నాయి, అందులోనూ సగం కోపంతో రాసినవే. మిగతావి వచ్చే సంచికకు వాయిదా వేసి వీటినే పట్టుకున్నాను.

ప్రశ్న: మా ప్లాన్ పేరులోనే అన్‌లిమిటెడ్ అని ఉంది. నెల సగం దాటగానే స్పీడ్ పడిపోతోంది. వీడియో సంగతి దేవుడెరుగు, ఫొటో కూడా తెరుచుకోవడం లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఎఫ్‌యూపీ అయిపోయింది సార్" అంటున్నారు. ఇది మోసం కాదా?

జవాబు: నన్నడిగితే లిమిట్ పెట్టడం మోసం కాదు, దాన్ని దాచిపెట్టి అమ్మడం మోసం. ఎఫ్‌యూపీ అంటే ఇంత డేటా దాకా పూర్తి స్పీడ్, ఆ తర్వాత తగ్గించిన స్పీడ్ అనే షరతు. కనెక్షన్ తెగిపోలేదు కదా, అందుకే అన్‌లిమిటెడ్ అన్నాం అంటారు వాళ్లు. మాట తప్పినట్టు ఉండదు, మీ పనీ జరగదు. లెక్క వేసి చూడండి, 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) లైన్ మీద 1 జీబీ ఫైలు దిగడానికి 80 సెకన్లు చాలు, అదే లైన్‌ని 1 ఎంబీపీఎస్‌కి కుదిస్తే రెండు గంటలు దాటిపోతుంది.

అమెరికాలో ఏటీ అండ్ టీ అనే టెలికం కంపెనీ మీద ఇలాంటి కేసే నడిచింది. అన్‌లిమిటెడ్ మొబైల్ డేటా అని అమ్మి, ఎక్కువ వాడినవాళ్లకు స్పీడ్ కోసేస్తోందని వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కోర్టుకెక్కింది. కొందరికైతే నెలలో 2 జీబీ వాడగానే కోత పడిందని ఆరోపణ. చివరికి 2019లో 6 కోట్ల డాలర్లు కట్టడానికి కంపెనీ ఒప్పుకుని రాజీ పడింది. అక్కడ గొడవంతా స్పీడ్ ఎందుకు తగ్గించారని కాదు, తగ్గిస్తామని ముందే సరిగ్గా ఎందుకు చెప్పలేదని. మీరూ అక్కడే పట్టుకోండి. లిమిట్ ఎంత, దాటాక స్పీడ్ ఎంత, ఈ రెండూ ప్లాన్ అమ్మిన పేజీలో కనబడేలా ఉన్నాయా లేదా? మొదటిది అందరూ అడుగుతారు. రెండోది అడిగేవాళ్లు తక్కువ, నెలాఖరు గడవాల్సింది మాత్రం దాని మీదే.

ప్రశ్న: 100 స్పీడ్ ప్లాన్ తీసుకున్నాను. డౌన్‌లోడ్ పెడితే 12 అని చూపిస్తోంది. మిగతా 88 ఎటు పోయింది?

జవాబు: ఎటూ పోలేదు. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనబడేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి 100ని 8తో భాగిస్తే 12.5. మీకు రావాల్సిందే వస్తోంది. స్పీడ్‌ని బిట్లలో చెప్పే అలవాటు వల్ల కంపెనీకి మేలే, చూడ్డానికి పెద్ద అంకె వస్తుంది.

ప్రశ్న: పది రోజులు ఇంటికి తాళం వేసి వెళ్లాం. తిరిగొచ్చి యాప్ చూస్తే రెండొందల జీబీ పైన వాడినట్టు ఉంది. ఎవరూ లేని ఇంట్లో అంత డేటా ఎవరు వాడారు? మీటరే ఎక్కువ తిప్పుతున్నారేమో అని నా అనుమానం.

జవాబు: కంపెనీని అనుమానించే ముందు రౌటర్‌కి ఏమేం తగిలించి వెళ్లారో గుర్తు చేసుకోండి. సెక్యూరిటీ కెమెరా ఉందా? 2 ఎంబీపీఎస్ చొప్పున రాత్రింబవళ్లు క్లౌడ్‌కి వీడియో పంపే కెమెరా ఒక్కటున్నా రోజుకు 21.6 జీబీ, పది రోజులకు 216. మీ లెక్కకి భలే దగ్గరగా ఉంది! మనం దించుకున్నదే లెక్క అనుకుంటాం గానీ చాలా ప్లాన్లలో పైకి పంపింది కూడా లిమిట్‌లోనే పడుతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే సెట్టింగ్ పెడితే ఇది బాగా తగ్గుతుంది. కెమెరా లేకపోతే వైఫై పాస్‌వర్డ్ మార్చి, రౌటర్ పేజీలో ఏ పరికరం ఎంత వాడుతోందో చూడండి, కొన్ని రౌటర్లలో ఆ లెక్క ఉంటుంది.

అలాగని మీ అనుమానాన్ని కొట్టిపారేయను. మీ రౌటర్ 1024 లెక్కన జీబీ కట్టి, కంపెనీ 1000 లెక్కన కడితే అదే వాడకానికి వాళ్ల అంకె 7 శాతం ఎక్కువ కనబడుతుంది. ఏ లెక్కన కడుతున్నారో వాళ్లనే రాతపూర్వకంగా అడగండి. అసలు డేటా కొలిచేదీ, బిల్లు వేసేదీ, తేడా వస్తే తీర్పు చెప్పేదీ ఒక్క కంపెనీయే అయినప్పుడు వినియోగదారుడికి అనుమానం రావడంలో తప్పేముంది?

ప్రశ్న: కొందరు విపరీతంగా వాడటం వల్ల మిగతావాళ్లకు నెట్ స్లో అవుతుందని, అందుకే లిమిట్ పెట్టామని మా కంపెనీ అంటోంది. నేను తక్కువే వాడతాను కాబట్టి నాకది సబబుగానే అనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: వినడానికి సబబే. తిరకాసు ఎక్కడుందంటే, నెట్ స్లో అయ్యేది నెల మొత్తం మీద ఎవరు ఎన్ని జీబీలు వాడారన్నదాన్ని బట్టి కాదు, ఒకే సమయంలో ఎంతమంది లాగుతున్నారన్నదాన్ని బట్టి. తెల్లవారుజామున మూడింటికి 100 జీబీ గేమ్ దించుకున్న కుర్రాడి వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, ఆ టైమ్‌లో లైన్లు ఖాళీగా ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి అందరితో పాటు కూర్చుని రెండు గంటలు 4కే సినిమా చూసినాయన రద్దీలో భాగమే, కానీ ఆయన ఖాతాలో పడేది 14 జీబీ అటూఇటూ (4కే వీడియోకి గంటకు 7 జీబీ దాకా అవుతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది). నెలవారీ లిమిట్ దృష్టిలో ఆ కుర్రాడే దోషి. నిజంగా రద్దీయే సమస్య అయితే రద్దీ ఉన్న ఆ కాసేపు అందరికీ సమానంగా పంచే ఏర్పాటు చేయొచ్చు, రాత్రి వాడకాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు. కొన్ని కంపెనీలు అలా చేశాయి కూడా.

ఇంకో సంగతి. ఈ కంపెనీలు తమకన్నా పెద్ద నెట్‌వర్క్ కంపెనీల దగ్గర బ్యాండ్‌విడ్త్ (డేటా మోసే సామర్థ్యం) కొనేటప్పుడు జీబీల లెక్కన కొనేది తక్కువ. చాలా ఒప్పందాల్లో ఐదు నిమిషాలకోసారి వాడకాన్ని కొలిచి, నెలలో అన్నిటికన్నా ఎక్కువున్న 5 శాతం కొలతలు పక్కన పెట్టేసి, మిగిలినవాటిలో పెద్ద అంకెకు బిల్లు వేస్తారు. అంటే వాళ్లు కట్టేది రద్దీ వేళ స్పీడ్‌కి, మన దగ్గర లెక్కపెట్టేది నెల మొత్తం జీబీలు. కరెంటు మీటర్‌తో పోల్చి సమర్థించుకుంటారు గానీ కరెంటులో చాలా యూనిట్ల వెనక ఇంధనమో నీళ్లో ఖర్చవుతాయి. ఫైబర్ లైన్ వేయడానికీ పరికరాలకీ మనుషులకీ ఖర్చవుతుంది, వేశాక ఒక జీబీ అదనంగా పోతే అయ్యే ఖర్చు లెక్కలోకి రానంత చిన్నది.

అమెరికాలో ఇంటర్నెట్ అమ్మే కామ్‌కాస్ట్ కథ చూడండి. 2007లో బిట్‌టొరెంట్ (పెద్ద ఫైళ్లు ఒకరితో ఒకరు పంచుకునే పద్ధతి) వాడేవాళ్లను గుట్టుగా అడ్డుకుంటూ దొరికిపోయింది, 2008 ఆగస్టులో అమెరికా టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తప్పుపట్టింది, ఆ అక్టోబరు నుంచే నెలకు 250 జీబీ అని బహిరంగంగా చెప్పి లిమిట్ పెట్టింది. దాచిపెట్టడం కంటే అది నయమేనని ఒప్పుకుంటాను. తర్వాత లిమిట్ పెరుగుతూ వచ్చింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి ఆఫీసులూ బడులూ అన్నీ ఇంట్లోకే వచ్చేసి వాడకం ఒక్కసారిగా పెరిగినప్పుడు, సరిగ్గా అప్పుడే, ఆ లిమిట్‌ని కొన్నాళ్లు ఎత్తేసింది. నెట్‌వర్క్ కూలిపోలేదు. మరి మామూలు రోజుల్లో ఎందుకున్నట్టు? ఎక్కువ వాడేవాళ్లను ఖరీదైన ప్లాన్‌కి ఎక్కించడానికని నేననుకుంటున్నాను.

మొబైల్ డేటా సంగతి కొంత వేరు. టవర్ కింద ఉన్నవాళ్లంతా ఒకే స్పెక్ట్రమ్‌ని (ఆ కంపెనీకి కేటాయించిన రేడియో తరంగాలని) పంచుకోవాలి, ఇంకో తీగ లాగినంత తేలిగ్గా దాన్ని పెంచలేరు, కాబట్టి అక్కడ లిమిట్‌కి కాస్త అర్థముంది.

ఇక మీ మాటకొస్తే, తక్కువ వాడేవాళ్లు తక్కువ కట్టాలనడం న్యాయమే. కాకపోతే లిమిట్ పెట్టిన రోజున మీ బిల్లు తగ్గించారా? తగ్గించకపోతే మీ పేరు చెప్పి పక్కవాళ్ల దగ్గర వసూలు చేసుకుంటున్నారంతే.

ప్రశ్న: మా కంపెనీ సొంత యాప్‌లో సినిమాలు చూస్తే డేటా లెక్కలోకి రాదట. మనకు మంచిదే కదా?

జవాబు: ఈ నెలకు మంచిదే. 2013లో జర్మనీలో డాయిచ్ టెలికామ్ అనే కంపెనీ కొత్త కనెక్షన్లకు ప్లాన్‌ని బట్టి 75 జీబీ నుంచి లిమిట్, దాటితే 384 కేబీపీఎస్ (ఒక ఎంబీపీఎస్‌లో సగం కూడా కాదు) అని ప్రకటించి, తన సొంత టీవీ సర్వీసును మాత్రం ఆ లెక్కలోంచి మినహాయించబోయింది. జనం 'డ్రోసెల్‌కామ్' అని ఎగతాళి పేరు పెట్టారు (జర్మన్‌లో 'డ్రోసెల్న్' అంటే స్పీడ్ కోసేయడం), ఆ అక్టోబరులో కొలోన్ కోర్టు ఆ షరతు చెల్లదంది. తన యాప్ కోసం జీబీలు వదులుకోగలిగిన కంపెనీ, పోటీ యాప్‌ల దగ్గరకొచ్చేసరికి కొరత అంటే నమ్మేదెలా?

ప్రశ్న: లిమిట్ దాటలేదు, అయినా రాత్రిళ్లు స్పీడ్ రాదు. ఫిర్యాదు చేస్తే స్పీడ్ టెస్ట్ చేసి చూపించమంటారు, టెస్ట్‌లో బాగానే వస్తుంది. ఏం చేయాలి?

జవాబు: స్పీడ్ టెస్ట్‌లో సర్వర్ ఏదో చూడండి. అది మీ కంపెనీ నెట్‌వర్క్‌లోదే అయితే బయటి దారిలో ఉన్న రద్దీ అందులో కనబడదు. వేరే నెట్‌వర్క్‌లో ఉన్న సర్వర్ ఎంచుకుని, వైఫై మీద కాకుండా కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, పొద్దున ఒకసారి, మీకు ఇబ్బందయ్యే రాత్రి వేళ ఒకసారి చేయండి. వారం పాటు చేసి, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్లు దాచి, ఫోన్లో వాదించకుండా ఈమెయిల్‌లో పంపి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఇంతకన్నా పెద్ద ప్లాన్‌కి మారండి అని సలహా ఇస్తే మాత్రం తొందరపడకండి. ఇరుకు మీ ప్లాన్‌లో కాక లైన్‌లో ఉంటే, 200 ప్లాన్ తీసుకున్నా రాత్రి తొమ్మిదింటికి వచ్చేది అంతే.