గడ్డం గీయడం, బొమ్మ గీయడం: ఒకే మాటేనా?

గడ్డం గీయడం, బొమ్మ గీయడం ఒకే మాటా అని అడిగారు కదండీ. అవును, ఒకటే. పాత రూపం గీచు. పదునైన దాన్ని ఆనించి లాగడం అసలు అర్థం. గీస్తే పడేది గీత. కల్లుగీత కూడా ఇదే: గీత కార్మికుడు తాడిచెట్టెక్కి గెల కొసను రోజూ కత్తితో పల్చగా గీస్తాడు, అక్కణ్ణించి కల్లు చుక్కచుక్కగా కుండలో పడుతుంది. భగవద్గీతకు దీంతో సంబంధం లేదు, అది సంస్కృతం, పాడినది అని.

కన్నడంలో గీచు, గీరు, తమిళంలో కీఱు దీని చుట్టాలే.

మాడిన గిన్నెను మాత్రం గీకుతాం, గీయం. దురదేస్తే గోకుతాం. కొబ్బరైతే మా ఇంట్లో కోరతారు; మీరు తురుముతారేమో!