దిండు కింద చపాతీ ముక్కలు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. చెల్లెలి కొడుకు, ఆరేళ్ళవాడు, వాడు పుట్టాక తల్లి డిప్రెషన్‌తో మంచం దిగలేదు, తండ్రి తాగుడు, పిల్లాడు గంటలు గంటలు గదిలో ఒక్కడే ఉండేవాడు, ఆర్నెల్ల కింద మీరు తెచ్చుకున్నారు. ఇప్పుడేమో దిండు కింద చపాతీ ముక్కలు దాస్తాడు, మోకాలు చెక్కుకుపోయినా ఏడవడు, ముక్కూ మొహం తెలీనివాళ్ళ వెంట పోతాడు, మీ ఆయన దొంగబుద్ధి అంటున్నారు.

దొంగబుద్ధి కాదమ్మా. ఆకలేసి ఏడిస్తే ఎవరూ రాని చోట పెరిగాడు కదా, దొరికినప్పుడే దాచుకోవాలని, ఏడ్చి లాభం లేదని వాడి మెదడు నేర్చుకుంది. పసివాళ్ళు ఊ అంటే మనమూ ఊ అంటాం చూడండి, ఆ ఊ కొట్టడంతోనే మెదడులో కనెక్షన్లు గట్టిపడతాయి, ఎవరూ పలకకపోతే అవి బలహీనంగానే ఉండిపోతాయి.

రుమేనియాలో 1989లో నియంత చౌషెస్కు ప్రభుత్వం పడిపోయాక అనాథాశ్రమాల్లో వేలమంది పిల్లలున్నారని లోకానికి తెలిసింది, వాళ్ళని ఎత్తుకుని ముద్దుచేసే మనిషి లేడు. తర్వాత 2000లో బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల మీద స్టడీ మొదలుపెట్టి సగం మందిని పెంపుడు కుటుంబాలకి పంపారు. ఆశ్రమంలో మిగిలినవాళ్ళకి ఈఈజీలో, అంటే తలకి వైర్లు పెట్టి మెదడులో కరెంటు కొలిచే పరీక్షలో, మెదడు చురుకు తక్కువ, ఐక్యూ కూడా తక్కువ, రెండేళ్ళ లోపు ఇంటికి చేరినవాళ్ళు ఎక్కువ కోలుకున్నారు. అయ్యో మావాడికి ఆరేళ్ళు దాటాయే అని గుండె జారనివ్వకండి, కోపాన్నీ తొందరనీ ఆపే మెదడు ముందు భాగం ఇరవై దాటేదాకా పెరుగుతూనే ఉంటుంది. చదువులో ధ్యాస నిలవకపోవడం లాంటివి కొన్ని మిగిలిపోవచ్చు, అది కూడా దాచకుండా చెప్తున్నా.

ఫ్రిజ్‌కి తాళం వేశామన్నారు, ఇవాళే తీసేయండి. వాడి మంచం పక్కన ఒక డబ్బాలో మరమరాలు, బిస్కెట్లు పెట్టి "ఇది నీదే నాన్నా, అయిపోతే పెద్దమ్మ మళ్ళీ నింపుతుంది" అనండి, అన్నట్టే రోజూ నింపండి, ఒక్కరోజు కూడా మర్చిపోవద్దు. కొన్నాళ్ళు ఇంకా దాస్తాడు, దాయనివ్వండి. దెబ్బ తగిలితే వాడు రాడు, మీరే వెళ్ళి ఊది ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, వద్దంటే పక్కన కూర్చోండి చాలు. కొత్తవాళ్ళ దగ్గరికెళ్తే చెయ్యి పట్టుకుని "ముందు పెద్దమ్మని అడగాలి" అని ప్రతిసారీ అదే మాట చెప్పండి. కొట్టడం మాత్రం వద్దమ్మా, మీ ఆయనకి ఇది చదివి వినిపించండి. జిల్లా ఆస్పత్రిలో పిల్లల డాక్టర్‌కి చూపించి మాట, వినికిడి, రక్తం ఒకసారి చెక్ చేయించండి.

మీ చెల్లెలిమీద కోపం ఉందని రాశారు, ఉంటుంది. కానీ ఆమెది జబ్బు, ఆరేళ్ళుగా మందు పడని జబ్బు. టెలీమానస్ అని మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఆమెని ఫోన్ చేయమనండి, తెలుగులోనే మాట్లాడతారు, ఫ్రీ. ఆమె చేయకపోతే మీరే చేసి పక్కన కూర్చోండి.