ఏ ముఖం పెట్టుకుని పండుగ విందుకు వెళ్ళాలి?

ప్రశ్న: నేను ఇథియోపియాలో, అడిస్ అబాబాకు బస్సులో ఒక రోజు ప్రయాణమంత దూరంలో ఉన్న చిన్న పట్టణంలో, స్వచ్ఛంద ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. డిసెంబరు 25కు దగ్గరగా వచ్చిన శనివారం నాడు తోటి ఉపాధ్యాయులను రెండు గంటలకు క్రిస్మస్ విందుకు పిలిచాను. ఇద్దరు ఉదయం ఎనిమిదికే వచ్చి తలుపు తట్టేసరికి నేనింకా నిద్ర లేవలేదు. తక్కినవారు మధ్యాహ్నం వచ్చారు గాని, వెన్న, గుడ్లు వేసి చేసిన కేకునూ, కోడికూరనూ ముట్టకుండా కాఫీ మాత్రం తాగి వెళ్ళిపోయారు. వారు నన్ను అవమానించారా, నేనే వారిని అవమానించానా? ఇప్పుడు జనవరి 7న తమ ఇంటికి రమ్మని వారిలో ఒకరు పిలిచారు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?
— ఒక పాఠకురాలు

జవాబు: మిమ్మల్ని ఎవరూ అవమానించలేదు, మీరూ ఎవరినీ అవమానించలేదు. ఉపవాస దినాల్లో ఉన్నవారు, తమకు పండుగ కాని రోజున, పిలిచింది మీరు గనుక వచ్చారు, కూర్చున్నారు, కాఫీ తాగారు. ఇథియోపియాలో ఒకరి ఇంట కాఫీ తాగడమంటే ఆ ఇంటి ఆదరాన్ని స్వీకరించడమే. కాబట్టి జనవరి 7న తప్పక వెళ్ళండి.

పొరపాటంతా లెక్కల్లో జరిగింది. ఆ దేశపు క్యాలెండరులో 30 రోజుల నెలలు పన్నెండు, వాటి తరువాత ఐదు రోజులో ఆరు రోజులో ఉండే పగుమె అనే పదమూడవ నెల ఉంటాయి. సంవత్సరాల లెక్కలో వారు మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనుక ఉంటారు గనుక, 2007 సెప్టెంబరులో వారు 2000వ సంవత్సరానికి స్వాగతం పలికి ఉత్సవాలు జరుపుకున్నారు. మన డిసెంబరు 25 వారికి సాధారణంగా తహ్‌సాస్ నెల 16వ తేదీ, అంటే మామూలు రోజు. వారి క్రిస్మస్ పేరు గెన్నా. అది జనవరి 7న వస్తుంది. దానికి ముందు, నవంబరు చివరి వారంలో మొదలుపెట్టి, ఆర్థడాక్స్ క్రైస్తవులు 43 రోజుల ఉపవాసం పాటిస్తారు. ఆ రోజుల్లో మాంసం, పాలు, వెన్న, గుడ్లు ముట్టరు. మీరు ఎంతో ప్రేమతో వండినవన్నీ సరిగ్గా ఆ నిషేధంలోకే వచ్చాయి.

ఇక గడియారం సంగతి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దేశం కావడం వల్ల అక్కడ సూర్యోదయ వేళ ఏడాది పొడవునా పెద్దగా మారదు. అందుచేత గంటలను తెల్లవారినప్పటి నుంచి లెక్కిస్తారు. మన ఏడు వారికి ఒంటిగంట, మన ఎనిమిది వారికి రెండు. ఉదయమే వచ్చిన ఆ ఇద్దరు మీరు చెప్పిన వేళకే వచ్చారన్నమాట. ఇకమీదట ఎవరితో వేళ మాట్లాడుకున్నా, అది వారి లెక్కా, విదేశీయుల లెక్కా అని తప్పకుండా అడగండి. 'బె హబెషా' అంటే వారి లెక్క, 'బె ఫెరెంజ్' అంటే విదేశీయుల లెక్క. ఈ రెండు మాటలు నేను మొదటి నెలలోనే నేర్చుకుని ఉంటే ఒక కుటుంబాన్ని అంత బాధపెట్టి ఉండేదాన్ని కాదు.

స్వచ్ఛంద సేవకురాలిగా నేను అక్కడ గడిపిన మొదటి గెన్నా నాడు పొరుగింటివారు మూడు గంటలకు రమ్మన్నారు. ఉదయం తొమ్మిదికి వెళ్ళవలసినదాన్ని మధ్యాహ్నం మూడుకు వెళ్ళాను. రాత్రంతా చర్చిలో నిలబడి ప్రార్థన చేసి వచ్చిన ఆ ఇంటి పెద్దావిడ, అతిథి రాలేదని, అప్పటిదాకా పళ్ళెం ముందు కూర్చోలేదు. ఇంజెరా అనే పుల్లని అట్టును తుంచి, అందులో కూర చుట్టి, మొదటి ముద్దను స్వయంగా నా నోటికి అందించబోతే సిగ్గుతో తల వెనక్కి తీసుకున్నాను. అది మొదటి తప్పును మించిన తప్పు. ఆ ముద్దను గుర్షా అంటారు. ఎదుటివారిని తమవారిగా భావించి పెట్టే ముద్ద అది. గది నిశ్శబ్దమైపోయింది. బయట పిల్లలు వంపు కర్రలతో గెన్నా ఆట ఆడుతున్నారు. అది హాకీ వంటి ఆట, పండుగ పేరే దానికీ ఉంది. పెద్దావిడ వారి వైపు చూపించి, 'గెన్నా ఆటలో యజమాని కోపగించుకోడు' అనే సామెత చెప్పి, ముద్దను మళ్ళీ అందించింది. ఈసారి తిన్నాను. ఆటలో యజమానికి దెబ్బ తగిలినా కోపం తెచ్చుకోకూడదన్నది ఆ సామెత భావమని తరువాత తెలిసింది. మీ ఆతిథేయులకూ ఆ సామెత తెలిసే ఉంటుంది. వెళ్ళగానే 'యికిర్తా', అంటే క్షమించండి, అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. పదేపదే చెబితే వారే ఇబ్బంది పడతారు.

వీలైతే ముందు రోజే వెళ్ళి పనిలో చేయి వేయండి. పండుగ కూర అయిన దోరో వాట్‌కు ఉల్లిపాయలు కుప్పలుగా తరగాలి. వాటిని మొదట నూనె లేకుండా సన్నని సెగపై చాలాసేపు వేయించి, తరువాతే బెర్బెరే కారం, వెన్న, సంప్రదాయం ప్రకారం పన్నెండు ముక్కలుగా కోసిన కోడి, ఉడికించిన గుడ్లు వేస్తారు. సేవ చేయడానికి వెళ్ళినవారికి ఎప్పుడూ తామే ఇవ్వాలనిపిస్తుంది. నా దృష్టిలో మీ శనివారపు విందులోని అసలు లోపం అదే: వంటగదిలోకి వారిలో ఒక్కరిని కూడా పిలవలేదు. పిలిచి ఉంటే ఉపవాసం సంగతి అప్పుడే తెలిసేది.

కానుకగా కాఫీ గింజలు, చక్కెర తీసుకువెళ్ళండి. నేలపై పచ్చగడ్డి పరచి, సాంబ్రాణి వేసి, గింజలను మీ ఎదుటే వేయించి కాఫీ కాస్తారు. అబోల్, తోనా, బెరెకా అని మూడు విడతలుగా పోస్తారు. మూడవది ఆశీర్వాదపు కప్పు గనుక రెండవదానితో లేచి రావద్దు. వచ్చే డిసెంబరులో మళ్ళీ విందు చేయాలనిపిస్తే ఇంజెరాపై పప్పుకూర, షిరో అనే శనగపిండి కూర, ఆకుకూరలు నూనెతో వండించి వడ్డించండి; అవి ఉపవాసంలోనూ తినేవే.

ప్రశ్న: పండుగనాడు పచ్చి మాంసం వడ్డిస్తారని విన్నాను. కాదంటే తప్పుపడతారా?
— మరొక వాలంటీరు

జవాబు: తప్పుపట్టరు. పచ్చి గొడ్డు మాంసాన్ని అక్కడ చాలా ఇష్టంగా, గౌరవంగా పెడతారు. అయితే దానివల్ల బద్దెపురుగులు సోకే ప్రమాదం నిజంగానే ఉంది. 'యెబెసెలె', అంటే ఉడికినది, కావాలని వడ్డనకు ముందే చెప్పండి. ఉపవాసమని అబద్ధం చెప్పవద్దు. ఉపవాసం వారికి ఎంత ముఖ్యమో ఈపాటికి మీకు తెలిసింది కదా.

ప్రశ్న: గెన్నాకు మా బృందమంతా లాలిబెలా వెళ్ళాలనుకుంటున్నాం. మొదటి ఏడాదే వెళ్ళడం మంచిదా?
— ముగ్గురు స్నేహితులు

జవాబు: లాలిబెలా తప్పక చూడవలసిన చోటే. రాతిని తొలిచి మలచిన పదకొండు చర్చిలు అక్కడ ఉన్నాయి. 1978లోనే యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గెన్నాకు తెల్లని వస్త్రాలు ధరించిన యాత్రికులు అసంఖ్యాకంగా వస్తారు. బేతె మర్యమ్ చర్చి వద్ద మతగురువులు పై గట్టున ఒక వరుస, కింద ఒక వరుస నిలబడి ఒకరికొకరు బదులుగా పాడతారు. గదులు దొరకడం కష్టం, రాత్రి చలి ఎక్కువ, పైగా దారి భద్రతను బట్టి మీ సంస్థ అనుమతి కూడా అవసరం. అయినా ఆ కారణాల వల్ల కాదు నేను వద్దంటున్నది. మొదటి గెన్నాకు మీ పొరుగువారు మీ కోసం చూస్తుంటారు. లాలిబెలాకు రెండవ ఏడు వెళ్ళండి, వీలైతే వారిలో ఎవరినైనా వెంటబెట్టుకుని.