స్టెరాయిడ్లు వాడిన బేస్‌బాల్ ఆటగాళ్లకు హాల్ ఆఫ్ ఫేమ్ దక్కాలా? గీత 2005 దగ్గర గీయండి

మీ ప్రశ్న: "బ్యారీ బాండ్స్, రోజర్ క్లెమెన్స్‌లకు హాల్ ఆఫ్ ఫేమ్ ఇవ్వాలా? మందులు వాడినవాళ్లంతా మోసగాళ్లే కదా?" హాల్ ఆఫ్ ఫేమ్ అంటే అమెరికన్ బేస్‌బాల్‌లో దిగ్గజాలకు దక్కే అత్యున్నత గౌరవం. బాండ్స్ బ్యాటర్, క్లెమెన్స్ పిచర్ (బంతి విసిరేవాడు). ఇద్దరి మీదా స్టెరాయిడ్లు (కండ పెంచే మందులు) వాడారన్న ఆరోపణ ఉంది.

అందరినీ ఒకే గాటన కట్టకండి. శిక్షలు అమల్లోకి వచ్చాక దొరికినవాళ్లకు ఇవ్వకూడదు. అంతకు ముందరివాళ్ల విషయంలో, మందు తెచ్చిన లాభం తీసేసి చూడాలి. అప్పటికీ నిలబడే ఆట ఉంటే ఇవ్వాలి. ఆ లెక్కన బాండ్స్, క్లెమెన్స్ ఇద్దరూ లోపల ఉండాల్సినవాళ్లే.

ముందు ఓటు సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఉన్న ఈ హాల్‌కు ఓటు వేసేది బేస్‌బాల్ రచయితల సంఘంలో కనీసం పదేళ్లు వరసగా సభ్యులుగా ఉన్న విలేకరులు. ఒక్కో ఓటరు ఏడాదికి 10 పేర్లు మించి రాయకూడదు. గెలవాలంటే 75 శాతం రావాలి. 5 శాతం కూడా రాకపోతే మరుసటి ఏడు బ్యాలెట్‌లో పేరుండదు. పదేళ్లలో తేలకపోతే ఇక హాల్ నియమించే 16 మంది కమిటీయే దిక్కు. ఆటతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, నడవడిక చూడమని నియమం చెబుతుంది, కానీ స్టెరాయిడ్ల గురించి ఒక్క ముక్క లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఎవరికి తోచిన గీత వాళ్లు గీసుకున్నారు. 2013లో బ్యాలెట్ నిండా దిగ్గజాలుండగా విలేకరులు ఒక్కరినీ ఎన్నుకోలేకపోయారు.

"అప్పట్లో నిషేధమే లేదు" అనే వాదన తప్పు. 1991 జూన్‌లో కమిషనర్ (లీగ్ అధిపతి) ఫే విన్సెంట్ క్లబ్బులకు పంపిన మందుల నిషేధం మెమోలో స్టెరాయిడ్లు కూడా ఉన్నాయి. అయితే పరీక్షలు పెట్టాలంటే ఆటగాళ్ల యూనియన్‌తో ఒప్పందం కుదరాలి, అది చాలా ఏళ్లు కుదరలేదు. పరీక్ష లేని నిషేధం గోడ మీద రాసిన హెచ్చరిక లాంటిది. 2003లో పేర్లు బయటికి చెప్పబోమన్న హామీతో సర్వే పరీక్షలు చేశారు. 5 శాతం కన్నా ఎక్కువ మంది దొరకడంతో 2004 నుంచి అసలు పరీక్షలు వచ్చాయి. ఆ ఏడాది మొదటిసారి దొరికితే చికిత్సే, సస్పెన్షన్ లేదు. 2005లో పేరు బయటపెట్టి 10 రోజులు పక్కన పెట్టడం మొదలైంది. 2006లో అది మొదటిసారికి 50 ఆటలు, రెండోసారికి 100, మూడోసారికి జీవితకాలం అయింది. 2014 నుంచి మొదటిసారికి 80 ఆటలు, రెండోసారికి 162.

అందుకే గీత 2005 దగ్గర పెట్టమంటాను. ఆ తర్వాత ఆటగాడికి నియమం తెలుసు, శిక్ష తెలుసు, యూనియన్ సంతకమూ ఉంది. బ్యాటర్ రఫాయెల్ పాల్మెయిరో 2005 మార్చిలో అమెరికన్ కాంగ్రెస్ ముందు వేలు చూపిస్తూ ఎన్నడూ వాడలేదన్నాడు. పరీక్షలో దొరికాడని ఆగస్టులో బయటపడింది. 3,020 హిట్లు, 569 హోమ్ రన్లు (బంతిని మైదానం కంచె దాటించే షాట్లు) ఉన్నా 2014లో 5 శాతం కూడా రాక జారిపోయాడు, అది సబబే. మానీ రామిరెజ్ 2009లో 50 ఆటలు నిషేధం పడ్డాక కూడా 2011లో మళ్లీ దొరికాడు. అలెక్స్ రోడ్రిగెజ్ శిక్షలు వచ్చాక ఏ పరీక్షలోనూ దొరకకపోయినా, ఆటగాళ్లకు మందులు అందించిన ఒక క్లినిక్ వ్యవహారం ఆధారంగా 2014 సీజన్ మొత్తం పోయింది. ఈ ముగ్గురికీ నేను వద్దంటాను.

ఇక లాభం తీసేయడం ఎలా? స్టెరాయిడ్లు బంతిని చూడటం నేర్పవు. కండ త్వరగా కోలుకునేలా చేస్తాయి, దాంతో ఆటగాడు ఎక్కువ కసరత్తు చేయగలడు, బ్యాట్ వేగం పెరుగుతుంది. బంతి బ్యాట్‌ను వదిలే వేగం గంటకు ఒక మైలు పెరిగితే దాదాపు 5 అడుగులు ఎక్కువ దూరం పోతుంది. కంచె ముందు క్యాచ్ అవ్వాల్సిన బంతి కంచె దాటుతుంది. అందుకే మందు ముందుగా ఉబ్బించేది హోమ్ రన్ల లెక్కనే. కాబట్టి ఆరోపణ మొదలైన ఏడాదికి ముందున్న ఆటను విడిగా తీసి చూడండి, ఆ తర్వాతి హోమ్ రన్లను నమ్మకండి.

బాండ్స్ మీద ఆరోపణ 1998 సీజన్ తర్వాతి కాలానిది. ఆ సీజన్ ముగిసేసరికే అతనికి 411 హోమ్ రన్లు, 445 దొంగ బేస్‌లు (పిచర్ కన్నుగప్పి పరిగెత్తి దక్కించుకున్న బేస్‌లు), 3 ఎంవీపీలు (ఏడాది అత్యుత్తమ ఆటగాడి అవార్డు), 8 గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డు) ఉన్నాయి. 2001లో కొట్టిన 73 హోమ్ రన్లనూ, మొత్తం 762 రికార్డునూ పూర్తిగా కొట్టేసినా ఆ మనిషి హాల్‌కు తగినవాడే. క్లెమెన్స్ మీద 2007 మిచెల్ నివేదిక (బేస్‌బాల్‌లో మందుల వాడకంపై జరిగిన విచారణ) మోపినది 1998 నుంచి. అప్పటికే 213 విజయాలు, 4 సై యంగ్ అవార్డులు (ఏడాది ఉత్తమ పిచర్‌కు ఇచ్చేవి) ఉన్నాయి. కాంగ్రెస్‌కు అబద్ధం చెప్పాడన్న కేసులో 2012లో కోర్టు అతన్ని నిర్దోషి అంది. అదే కొలతకు బ్యాటర్ మార్క్ మెక్‌గ్వైర్ నిలవడు: మందులు వాడానని 2010లో తానే ఒప్పుకున్నాడు, అతని ఆటలో హోమ్ రన్లు తీసేస్తే మిగిలేది తక్కువ.

ఎదుటి వాదనలో నన్ను నిజంగా బాధపెట్టేది బ్యాటర్ ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ సంగతి. 493 హోమ్ రన్లు, మందుల మచ్చ లేదు. పక్కవాళ్ల అంకెలు ఉబ్బిపోవడంతో అతనివి చిన్నగా కనిపించాయి. విలేకరుల ఓటులో 2019లో, ఆఖరి ప్రయత్నంలో కూడా 39.8 శాతమే. 2022 డిసెంబరులో కమిటీ 16కు 16 ఓట్లతో తీసుకునేదాకా ఆగాల్సి వచ్చింది. మందులవాళ్ల వల్ల నష్టపోయింది ఇలాంటివాళ్లే. అందుకే ఉబ్బిన అంకెలు తీసేయకుండా ఎవరినీ లోపలికి పంపకూడదంటున్నాను.

ఓటర్లు మాత్రం ఒకే కొలత పాటించలేదు. 2003 సర్వేలో దొరికినవాళ్ల జాబితాలో బ్యాటర్ డేవిడ్ ఓర్టిజ్ పేరుందని 2009లో పత్రికల్లో వచ్చింది. ఆ ఫలితాల్లో కొన్నింటి మీద శాస్త్రీయ సందేహాలున్నాయని కమిషనర్ మ్యాన్‌ఫ్రెడ్ 2016లో అన్నాడు. 2022లో ఓర్టిజ్ మొదటి ప్రయత్నంలోనే 77.9 శాతంతో గెలిచాడు. అదే బ్యాలెట్‌లో అదే జాబితా మచ్చ ఉన్న సామీ సోసాకు 18.5 శాతం. బాండ్స్‌కు 66.0, క్లెమెన్స్‌కు 65.2. ఆ కాలమంతా ఆటను నడిపిన కమిషనర్ బడ్ సీలిగ్ 2017లోనే హాల్‌లో చేరాడు. కాపలా ఉన్నవాడికి కంచు ఫలకం, లోపల ఆడినవాడికి గేటు బయట నిలబడటం, ఇది నాకు మింగుడు పడదు.

పాత రికార్డును దాటించిన బాండ్స్ 756వ హోమ్ రన్ బంతి కూపర్స్‌టౌన్ మ్యూజియంలో ఇప్పటికే ఉంది, దాని మీద ఈ రికార్డు మీద సందేహముందని చెప్పే నక్షత్రం గుర్తు చెక్కి ఉంది. ఫలకం మీద కూడా ఆరోపణ ఏమిటో, ఏ ఏళ్లవో ఒక వాక్యం చెక్కి పెట్టవచ్చు. కాకపోతే సమయం తక్కువ. 2025 డిసెంబరు కమిటీలో బాండ్స్, క్లెమెన్స్ ఇద్దరికీ 5 ఓట్లు కూడా రాలేదు. కొత్త నియమం ప్రకారం 2028 బ్యాలెట్‌లో వాళ్ల పేర్లుండవు. మళ్లీ అవకాశం 2031లో. అప్పుడూ 5 రాకపోతే ఇక ఎప్పటికీ పరిశీలనకు రారు.